రంగుల వాసన మధ్య క్రిస్మస్
డిసెంబర్ 25కి ఇంకా 9 రోజులే ఉన్నాయి. ఇంట్లో రంగుల పని జరుగుతోంది. హాల్లో గోడలు నున్నగా రావడానికి పెట్టిన పుట్టీ ఆరలేదు. తడి మీద ప్రైమర్, అంటే రంగుకి ముందు వేసే పూత, వేస్తే తర్వాత పెచ్చులూడుతుంది, అందుకే ఆగాం. సామానంతా ఒకే గదిలో కుక్కేశాం, క్రిస్మస్ చెట్టు పెట్టే మూల కూడా ఖాళీ లేదు. టెన్షన్‌గానే ఉంది.

రాత్రి పిల్లలు పడుకున్నాక ఊలు బయటికి తీస్తాను. గోడలు రుద్దే ఎమరీ పేపర్ దుమ్ము పడకుండా దాన్ని దిండు గలీబులో దాచాను. అత్తయ్యకి క్రిస్మస్ కానుకగా అల్లుతున్న మఫ్లర్ సగం అయింది. నిన్న ఒక కుట్టు జారిపోతే ఆరు వరసలు విప్పి మళ్లీ అల్లాను. ఆవిడ మెడకి చుట్టుకునేది కదా, తప్పుతో ఇవ్వబుద్ధి కాలేదు. ఆయన కప్‌బోర్డులకి వాడగా మిగిలిన చెక్కతో మామయ్యకి ఫొటో ఫ్రేమ్ చేస్తున్నారు. పెద్దది నాకు తెలియకుండా ఏదో కార్డు తయారుచేస్తోంది. దాని వేళ్ల నిండా జిగురే. చూసీ చూడనట్టు ఊరుకున్నాను.