డస్టీ బేకర్ నోట్లో ఆ టూత్‌పిక్

ఫోన్‌లో పాత ఫొటోలు చూస్తుంటే 2022 నవంబర్ 5 రాత్రిది ఒకటి కనబడింది. హ్యూస్టన్‌లో మా ఇంటి టీవీ, అందులో మా ఊరి బేస్‌బాల్ జట్టు ఆస్ట్రోస్‌కి అప్పటి మేనేజర్ (జట్టుని నడిపించే ప్రధాన కోచ్) డస్టీ బేకర్. నోట్లో ఎప్పటిలాగే టూత్‌పిక్.

అప్పటికి ఆయనకు 73 ఏళ్లు. ఆటగాడిగా 1981లోనే డాడ్జర్స్ జట్టుతో వరల్డ్ సిరీస్ (ఏడింటిలో నాలుగు మ్యాచ్‌లు గెలిచినవాళ్లకు కప్పు దక్కే అమెరికా బేస్‌బాల్ ఫైనల్) గెలిచాడు. తర్వాత జెయింట్స్ జట్టులో కోచ్, 1993 నుంచి మేనేజర్. 2002లో ఆ జెయింట్స్ ఆడిన వరల్డ్ సిరీస్ వీడియో చూస్తే నాకిప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఆరో మ్యాచ్‌లో 5-0 ఆధిక్యం, ఇంకో ఎనిమిది అవుట్లు తీస్తే కప్పు వాళ్లదే. అది ఓడారు, మర్నాడు ఏడోదీ ఓడారు. తర్వాత వాషింగ్టన్ జట్టుని వరసగా రెండేళ్లు డివిజన్ (లీగ్‌లో దాని గ్రూపు) గెలిపించినా, 2017 తర్వాత అక్కడ ఆయన్ని కొనసాగించలేదు. నాకైతే అది అన్యాయమే అనిపిస్తుంది.

ఫొటోలోని ఆ రాత్రి, గెలిస్తే కప్పు దక్కే వరల్డ్ సిరీస్ మ్యాచ్‌లో మా ఆస్ట్రోస్ ఒక పరుగు వెనకబడి ఉంది. ఒకటే టెన్షన్. ఆరో ఇన్నింగ్స్‌లో మా యోర్డాన్ అల్వారెజ్ మూడు పరుగుల హోమ్‌రన్ (క్రికెట్‌లో సిక్సర్ లాంటిది) బాదగానే నేను పెట్టిన కేకకి నిద్రలో ఉన్న మా పాప లేచి ఏడ్చింది. దాన్ని భుజాన వేసుకుని చివరి అవుట్ దాకా నిలబడే చూశాను. గెలిచాం. మేనేజర్‌గా బేకర్‌కది 25వ సీజన్, మొదటి టైటిల్. కళ్లు తుడుచుకుంటూనే ఆ ఫొటో తీశాను.