దేవతలు కూడా ఇల్లు మారిన ఊరు

భితరకనికా మడ అడవులకు వెళ్లేవాళ్లు ఎక్కువగా మొసళ్లను చూడటానికి వెళ్తారు. నేను ఆ దారిలోనే ఉన్న బగపాటియా కోసం వెళ్లాను. ఒడిశాలోని కేంద్రపడా జిల్లాలో, సముద్రం కోసేసిన సాతభాయా ఊళ్ల వాళ్లకు ప్రభుత్వం ఏర్పాటు చేసిన కాలనీ అది. పాత ఊళ్లకు సుమారు 12 కిలోమీటర్ల దూరం.

రాజ్‌నగర్ దాటాక దారి పొడవునా రొయ్యల చెరువులే. కాలనీలో ఇళ్లు వరసగా, దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఒక అరుగు మీద కూర్చున్న పెద్దావిడను మావుసీ (పిన్నీ) అని పలకరించాను. ఆమె ఒడియాలో చెబుతుంటే మనవడు హిందీలో నాకు చెప్పాడు. 1971 తుఫానూ 1999 తుఫానూ రెండూ చూసిందట. వాటికి భయపడి ఊరు వదల్లేదు. ఏటా పొలం కొంచెం కొంచెం ఇసుక కింద పోతుంటే మాత్రం ఏమీ చేయలేకపోయింది. ఇక్కడ కుటుంబానికి పది సెంట్ల స్థలం, ఇంటికి లక్షన్నర ఇచ్చారు. పొలం ఇవ్వలేదు.

మనవడు కేరళలో పెరుంబావూరు ప్లైవుడ్ ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు, సెలవుకు వచ్చాడు. "సముద్రం వల్లే వెళ్లావా?" అని అడిగాను. "లేదు భయ్యా, ఇక్కడ పని లేక" అన్నాడు. మొదట పొలం పోయింది, పొలంతో పాటు పని పోయింది, ఆ తర్వాత అతను రైలెక్కాడు. ఏ లెక్కలో చూసినా అతను ఉపాధి కోసం వెళ్లిన కూలీయే. వాతావరణ మార్పు వల్ల ఎంతమంది వలస పోతున్నారని అడిగితే ఇలాంటివాళ్లు ఎవరికీ కనపడరు.

కాలనీలో నాకు బాగా నచ్చింది పంచుబరాహి గుడి. పూజారులు ఆడవాళ్లే, అదీ మత్స్యకార కుటుంబాల వాళ్లు. మగవాళ్లు విగ్రహాలను తాకకూడదన్నది వందల ఏళ్ల ఆచారం. 2018లో అలలు పాత ఊళ్లోని గుడి దాకా వచ్చేసరికి, అంత బరువైన రాతి విగ్రహాలను ఇక్కడికి మోయడానికి మగవాళ్లను పిలవక తప్పలేదు. తర్వాత శుద్ధి చేసి మళ్లీ పూజలు మొదలుపెట్టారు. ఆచారాన్ని కాపాడుకోవడానికే దాన్ని ఒక్కసారి పక్కన పెట్టారు. ఆ తెలివి నాకు నచ్చింది.

పాత ఊరి వైపు కూడా వెళ్లాం. ఒకప్పటి బోరింగు పంపు ఇప్పుడు తీరంలో నిలబడి ఉంది, అంతే. తప్పంతా పెరుగుతున్న సముద్రానిదే అనలేం. మహానది మీద 1957లో హీరాకుడ్, ఆ తర్వాత బ్రాహ్మణి మీద రెంగాలి ఆనకట్ట కట్టాక డెల్టాకు చేరే ఒండ్రు తగ్గింది. కోతకు పోయిన చోటును మళ్లీ పూడ్చేది ఆ మట్టే.

తిరుగు దారిలో కుర్రాడు తన తమ్ముడి సంగతి చెప్పాడు. పదో తరగతి అయిపోగానే వాణ్ణీ పెరుంబావూరు తీసుకెళ్తాడట. మావుసీ ఒప్పుకోవడం లేదు. "మరి ఇక్కడుంచి ఏం చేయించాలి?" అని నన్నే అడిగాడు.