ఉగ్గుగిన్నె

శివరాత్రి పోయి పది రోజులే, కర్నూల్లో అప్పుడే ఎండ చురుక్కుమంటోంది. పొద్దున ఉగ్గాని చేసి చెల్లికి పెడితే రెండు ముద్దలు తిని గిన్నె పక్కకు జరిపేసింది. పాపకు ఈరోజుతో 12 రోజులు. పై పెదవి ఎడమవైపు ముక్కు దాకా చీలి ఉంది, లోపల అంగిలి కూడా. దీన్నే మనవాళ్లు గ్రహణం మొర్రి అంటారు, ఆ పేరే చెల్లిని పుట్టిన రోజు నుంచీ కాల్చుకు తింటోంది.

పదకొండింటికి ఆదోని నుంచి అవ్వ వచ్చింది. మా అమ్మకు అమ్మ, చెల్లిని ఇచ్చింది మేనమామ కొడుక్కే కాబట్టి వాడికి నాయనమ్మ కూడా. బిడ్డను ఒళ్లోకి తీసుకుని చాలాసేపు చూసి, "గ్రహణం నాడు ఏం కోసినావు తల్లీ?" అంది.

"ఏం కోయలేదవ్వా, తలుపులేసుకుని పడుకున్నా."

"కత్తెరన్నా పట్టింటావులే, ఊరికే ఎట్లొస్తాది?"

చెల్లి కళ్లల్లో నీళ్లు చూశాక నేను ఊరుకోలేకపోయాను. పాలలెక్క రాసిన పాత క్యాలెండరు ఇంకా మేకుకే ఉంది, దాన్ని తీసి అవ్వ ముందు పెట్టాను. ఆ గ్రహణం 2025 సెప్టెంబరు 7 రాత్రి పదింటికి పట్టింది, అప్పటికి చెల్లికి నాలుగో నెల. కడుపులో బిడ్డకు పై పెదవి రెండు వైపుల నుంచీ వచ్చి కలిసేది ఏడో వారం లోపే, అంగిలి తొమ్మిదో వారానికల్లా కలిసిపోతుంది. అంటే జూలై దాటకముందే ఈ పెదవి ఇలా అయిపోయింది అవ్వా, సెప్టెంబరులో ఇది ఏం కోసినా కోయకపోయినా దానికీ దీనికీ సంబంధం లేదు అని వేలితో నెలలు చూపిస్తూ చెప్పాను. అవ్వ కూడా వేళ్ల మీద లెక్కేసుకుంది.

"మరి ఎందుకొచ్చింది?"

దానికి ఒక్క ముక్కలో చెప్పే జవాబు లేదు. జన్యువులు, ఇంకా కొన్ని కలిసి వస్తుందని, చాలామందికి ఫలానా కారణమని తేలదని డాక్టరమ్మ చెప్పింది. పొగ తాగడం, ముందు నుంచే షుగరు ఉండడం, కొన్ని మూర్ఛ మందులు, ఇలాంటివి ఉంటే అవకాశం ఎక్కువట, చెల్లికి ఇవేవీ లేవు. మేనరికమా అని మాత్రం అడిగింది. మామూలుగా నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలు ఏదో ఒక లోపంతో పుడితే మేనరికం పిల్లల్లో అది దాదాపు రెట్టింపు ఉంటుంది. ఈ పాపకు అందువల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరు, కానీ పెళ్లి మాటలప్పుడు ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, తెలిసి కూడా నేనూ ఎత్తలేదు. ఈ మాట అవ్వతో అనలేకపోయాను, ఇక్కడ రాసుకుంటున్నాను.

పాలవేళ అయింది. అంగిలి చీలితే నోటికీ ముక్కుకూ మధ్య అడ్డు ఉండదు, బిడ్డ చప్పరించినా పాలు లాగలేదు, పడుకోబెట్టి పడితే ముక్కులోంచి వచ్చేస్తాయి. అందుకే పిండిన పాలు చెంచాతో పోస్తున్నాం, సగం మెడ మీదకే కారిపోతున్నాయి. అవ్వ అది చూసి సంచిలోంచి వెండి ఉగ్గుగిన్నె తీసింది, మా అమ్మకు పాలు పట్టిన గిన్నెట. వేడినీళ్లలో మరిగించి ఇచ్చాను. పాపను నిటారుగా కూర్చోబెట్టుకుని, గిన్నె ముక్కును బాగున్న వైపు పెదవి మీద ఆనించి, కొంచెం పోసి మింగేదాకా ఆగి, మధ్యమధ్యలో భుజాన వేసుకుని తేన్పించి మళ్లీ పోసింది. డాక్టరమ్మ చెప్పినట్టే ఉంది, అవ్వకు ఎవరూ చెప్పలేదు. అరగంట పట్టింది, 50 మిల్లీలీటర్లు పోయాయి, ఒక్క చుక్క ముక్కులోకి రాలేదు.

పెదవి ఆపరేషన్‌కు మూడు నెలలు నిండాలి, ఐదు కిలోల బరువు, రక్తంలో హిమోగ్లోబిన్ పది ఉండాలి. అంగిలికి ఏడాది దగ్గర పడ్డాక ఇంకోటి. ఇప్పుడు పాప 2.7 కిలోలు.

"ఇంకా రెండుంబావు పైనే కావాల" అని అవ్వ తనలో తను లెక్కేసుకుంది. సాయంత్రం బస్సుకు పోతానన్న మనిషి చీరలు సంచిలోంచి తీసి దండెం మీద వేసింది. రాత్రి రెండింటి పాలు తనే పడుతుందట, చెల్లిని లేపొద్దంది.