కీవ్ నుంచి రైలెక్కే దాకా: నా అనుభవం

2022 ఫిబ్రవరిలో నేను ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో మెడిసిన్ చదువుతున్నాను. "యుద్ధం వస్తుందని తెలిసీ ముందే ఎందుకు రాలేదు?" అని ఇప్పటికీ అడుగుతుంటారు. అవసరం లేనివాళ్లు వెళ్లిపోవడం మంచిదని మన ఎంబసీ 15వ తేదీనే చెప్పింది. కానీ క్లాసులు ఆఫ్‌లైన్‌లోనే జరుగుతున్నాయి, మానేసిన ప్రతి క్లాసూ మళ్లీ చేయాలి, టికెట్ రేట్లు చూస్తే కళ్లు తిరిగేవి. 24 తెల్లవారుజామున రష్యా దాడి మొదలై బాంబులు పడ్డాయి, విమానాలు ఆగిపోయాయి. మనవాళ్లను తీసుకెళ్లడానికి వస్తున్న ఎయిర్ ఇండియా విమానం కూడా దారిలోంచే వెనక్కి తిరిగింది.

ఆ తర్వాత మా మకాం హాస్టల్ కింద సెల్లార్‌లోకి మారింది. మేమంతా బంకర్ అనేవాళ్లం కానీ, అది నిజానికి వేడినీళ్ల పైపులు వెళ్లే గది. పైపులకు దగ్గరగా చోటు దొరికినవాళ్లకు చలి కాస్త తక్కువ. మా హాస్టల్ వార్డెన్ పెద్దావిడ. రోజూ ఉడికించిన బంగాళాదుంపలు తెచ్చి, ఎవరు తిన్నారో ఎవరు తినలేదో ఒక్కొక్కరినీ చూసుకునేది. ఆవిడ కొడుకు అప్పటికే సైన్యంలో ఉన్నాడు.

26 సాయంత్రం 5 నుంచి 28 ఉదయం 8 దాకా కర్ఫ్యూ పెట్టారు. ఆ టైంలో బయట కనిపిస్తే శత్రువు మనిషి కిందే లెక్క అని మేయర్ ప్రకటించారు. కిటికీ దగ్గరికి వెళ్లడానికే భయపడ్డాం.

కర్ఫ్యూ తీసేశాక, పశ్చిమం వైపు ప్రత్యేక రైళ్లు వేస్తున్నారు, స్టేషన్‌కు వెళ్లండి అని ఎంబసీ చెప్పింది. అసలు టెన్షన్ అప్పుడు మొదలైంది. నాన్న ఫోన్‌లో "బయట అడుగు పెట్టొద్దురా" అంటారు. ఉత్తరం నుంచి మైళ్ల పొడవున రష్యన్ కాన్వాయ్ వస్తోందని వార్తలు. మా సీనియర్ అన్న ఒకటే అన్నాడు: "ఊరిని మొత్తం చుట్టేస్తే ఈ రైళ్లు కూడా ఉండవు." నాకూ అదే సబబనిపించింది. అమ్మతో మాట్లాడాను, ఆవిడ నాన్నను ఒప్పించింది.

పాస్‌పోర్ట్, టీఆర్‌సీ కార్డు (అక్కడ తాత్కాలికంగా ఉండటానికి ఇచ్చే కార్డు) జాకెట్ లోపలి జేబులో పెట్టుకుని, తలా ఒక్క బ్యాగుతో గుంపుగా నడిచాం. టాక్సీల ఊసే లేదు. రోడ్ల మీద ఇసుక బస్తాలు, అడ్డంగా వెల్డింగ్ చేసిన ఇనుప దూలాలు. చెక్‌పోస్టుల్లో కార్డు చూసి పంపించేశారు.

స్టేషన్‌లో టికెట్ అడిగేవాళ్లు లేరు, ఇసుక వేస్తే రాలనంత జనం. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు ముందు. మాలో అమ్మాయిలను ముందు రైలుకే ఎక్కించాం, మాకు చాలా ఆలస్యంగా చోటు దొరికింది. అప్పట్లో ఉక్రెయిన్ మగవాళ్లలో 18 నుంచి 60 ఏళ్ల మధ్య వాళ్లకు దేశం దాటే అనుమతి లేదు. భార్యాపిల్లలను ఎక్కించి ప్లాట్‌ఫాం మీదే ఉండిపోయిన తండ్రులను చూశాక, మాకు చోటు ఆలస్యమైందని బాధపడాలనిపించలేదు.

నలుగురు పడుకునే క్యాబిన్‌లో ఎంతమంది పడితే అంతమందిమి కూర్చున్నాం. లైట్లన్నీ ఆర్పేశారు, తెరలు దించేశారు, ఫోన్లు కూడా వెలిగించొద్దన్నారు. ఆ చీకట్లో పెట్టె అటెండెంట్ ఆవిడ చివరనున్న బాయిలర్ నుంచి వేడినీళ్లు పట్టి, గ్లాసు అంచు మీద వేలు పెట్టి, ఎంత నిండిందో తడిమి చూసుకుంటూ అందరికీ టీ ఇచ్చింది. కాళ్లు చాపుకుని కూర్చున్నవాళ్లను ఒక్కసారి కూడా తొక్కలేదు.

పశ్చిమ ఉక్రెయిన్‌లోని ల్వీవ్ నగరంలో దిగాక పోలండ్ వైపు వెళ్లొద్దనుకున్నాం. అక్కడ బోర్డర్‌లో మనవాళ్లు గడ్డకట్టే చలిలో రోజుల తరబడి నిలబడుతున్నారని గ్రూపుల్లో మెసేజ్‌లు వస్తున్నాయి. సరిహద్దు దగ్గరి ఊళ్లు ఉజ్‌హొరోద్, చోప్ మీదుగా హంగరీలోని జాహోన్య్ చేరాం. వాలంటీర్లు వేడి సూప్ ఇచ్చారు. బుడాపెస్ట్ దాకా రైలు ఉచితం. అక్కడి నుంచి, మనవాళ్లను తీసుకురావడానికి కేంద్రం చేపట్టిన ఆపరేషన్ గంగ విమానంలో ఢిల్లీ, అక్కడి నుంచి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన టికెట్‌తో హైదరాబాద్.

రష్యా సైన్యం కీవ్‌ను పూర్తిగా చుట్టలేకపోయింది, ఏప్రిల్ మొదట్లో ఆ చుట్టుపక్కల నుంచి వెనక్కి వెళ్లిపోయింది. పశ్చిమానికి వెళ్లే ఆ రైలు దారి తెరిచి ఉండబట్టే, బాంబుల మధ్య కూడా దాన్ని నడిపిన సిబ్బంది ఉండబట్టే మేం బయటపడ్డాం. ఎంబసీని, ప్రభుత్వాలను అందరూ మెచ్చుకున్నారు, మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ రైల్వే వాళ్ల గురించి మన దగ్గర మాట్లాడినవాళ్లు తక్కువ.

కొన్నాళ్లకే ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యాయి. సైరన్ మోగితే మా ఫార్మకాలజీ మేడం ల్యాప్‌టాప్ పట్టుకుని కిందికి దిగి, అక్కడి నుంచే మిగతా పాఠం చెప్పేవారు. ఆవిడ దగ్గర చదువుకున్నానని ఎక్కడైనా గర్వంగా చెప్పుకుంటాను.