మీనోంగ్ ముల్లంగి చేలల్లో: హక్కా ఊరికి విద్యార్థుల్ని తీసుకెళ్లిన నా అనుభవం

మీనోంగ్‌కు విద్యార్థుల్ని సేవ కోసం తీసుకెళ్లాలంటే తేదీలు కాలేజీ సెలవుల్ని బట్టి కాదు, ముల్లంగిని బట్టి పెట్టుకోవాలి. తైవాన్ దక్షిణాన, కావోష్యుంగ్ నగరపాలక సంస్థ కింద ఉన్న హక్కా ఊరిది. హక్కాలంటే సొంత భాష ఉన్న ఒక చైనీయ జనవర్గం. వరి కోతలయ్యాక ఇక్కడ వేసే 'తెల్ల జేడ్' రకం చిన్న ముల్లంగి నవంబరులో చేతికొస్తుంది. రైతులకు పనికి మనుషులు సరిపోని కాలం అదే. వేసవిలో వెళ్లిన బృందాలు గోడలకు రంగులేసి వస్తాయి. దాన్ని సేవ అనడానికి నాకు మనసొప్పదు.

ఒక మడికి పన్నెండు మంది చాలు. నలభై మందిని ఒక్కసారే దింపితే పీకినదానికన్నా తొక్కి పాడుచేసినదే ఎక్కువ. ఆకుల్ని కుదురు దగ్గర, మట్టికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి. పక్కకు లాగితే పుటుక్కున విరుగుతుంది. తోలు పల్చన కాబట్టి గోరు తగిలినా గాటు పడుతుంది, నూలు చేతితొడుగులు తప్పవు. అదను దాటితే బెండు పడుతుంది. అలాంటివి గంపలో కలపకూడదు.

అసలు చదువు ఎండబెట్టడంలో ఉంది. మన ఊరమిరపకాయల్లాగే రాత్రి ఊట, పగలు ఎండ. తొక్క తీయకుండా కడిగి, నిలువుగా చీల్చి, పది కిలోల ముక్కలకు ముప్పావు కిలో ఉప్పు పట్టించి, నీరూరేదాకా నలపాలి. రాత్రంతా రాయి బరువు కింద ఉంచి, పొద్దున్నే పిండి, వెదురు చేటల్లో పరవాలి. సాయంత్రం మళ్లీ తొట్టిలోకి, మళ్లీ రాయి కిందికి. ఇలా ఐదారు రోజులు. పిల్లలు తొందరపడి రాత్రి బరువు పెట్టడం మానేస్తారు. అప్పుడు పైన ఎండి లోపల తడి మిగిలి, సీసాలో బూజు పడుతుంది. ముక్కను వంచితే విరగకూడదు, నొక్కితే వేలికి తడి అంటకూడదు. సీసాలో కర్రతో కూరి కూరి నింపాలి. గాలి సందు ఉంటే పాడవుతుంది. పది కిలోలకు మిగిలేది కిలో పైచిలుకే.

మధ్యాహ్నం భోజనం చేలకు దగ్గర్లోనే. మనకు తెలిసిన హక్కా నూడుల్స్ కలకత్తాలో స్థిరపడ్డ హక్కా చైనీయుల వంటిళ్ల నుంచి వచ్చినవి. ఇక్కడివి వేరు. బియ్యప్పిండి జావను ఆవిరి మీద రేకులుగా ఉడికించి పట్టీలుగా కోస్తారు. రేకు మొహం తుడుచుకునే తువ్వాలులా ఉంటుందని 'మియెన్ పా పాన్' అంటారు. శాకాహారులుంటే ముందే చెప్పాలి, పైన వేసే వేయించిన ఉల్లి కూడా చాలాచోట్ల పంది కొవ్వులో వేగినదే.

భాష విషయంలో ఒక జాగ్రత్త. ఉత్తర తైవాన్ హక్కా పాఠాల్లో ధన్యవాదానికి 'సిన్ ముంగ్ ఙీ' నేర్పుతారు. మీనోంగ్ పెద్దవాళ్లు అనేది 'అన్ త్సీ సే'. బయల్దేరేముందే ఆ మాట నోటికి పట్టించాలి. దాంతో పలకరిస్తే అవ్వలు ఇంట్లోని పాత సీసాలు తెచ్చి చూపిస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ ఎండు ముల్లంగి నల్లబడుతుంది, ఆ నల్ల ముక్కలే కోడి చారులోకి వెళ్తాయి. మనం నింపిన సీసా మీద తేదీ రాసి, దాన్ని ఆ ఇంట్లోనే వదిలి రావాలి.