కంచెల్లేని ఊరు లాక్స్‌టన్

ఇంగ్లండులో మధ్యయుగాల నాటి ఉమ్మడి పొలాల సేద్యం ఇప్పటికీ నడుస్తున్న ఊరుందని తెలిసినప్పటినుంచి చూడాలని నా కోరిక. నాటింగ్‌హామ్‌షైర్‌లోని లాక్స్‌టన్ అది. మా అన్నయ్య కారులో తీసుకెళ్లాడు.

దారంతా ప్రతి చేనుకూ గుబురు పొదల కంచె. ఊరు దాటి, మూడు ఉమ్మడి పొలాల్లో ఒకటైన వెస్ట్ ఫీల్డ్‌లోకి అడుగుపెట్టామో లేదో, కంచెలే లేవు! కనుచూపు మేర ఒకే చేను అనిపించింది. కానీ అందులో పలువురు రైతుల కమతాలు పొడవాటి చీలికలుగా పక్కపక్కనే ఉన్నాయి. మంచి నేల ఒక్కడికే దక్కకుండా పూర్వం ఒక్కో రైతుకు అక్కడో చీలిక, ఇక్కడో చీలిక ఇచ్చేవారు. మిల్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్ కూడా ఇంతే. ఏటా ఒక పొలంలో చలికాలపు గోధుమ, ఇంకోదాంట్లో వసంతకాలపు పైరు, మూడోదానికి విశ్రాంతి. ఎవరికి తోచింది వాళ్లు వేసుకోవడం కుదరదు.

ఊరికి ఉత్తరాన, 1066లో ఇంగ్లండును జయించిన ఫ్రాన్సు వైపు నార్మన్ల నాటి కోట దిబ్బ ఎక్కాం. కోట లేదు, గడ్డి మొలిచిన మట్టి గుట్టే మిగిలింది. ఆ రోజుల్లో నేలంతా రాజుదే. భూమి పొందిన ప్రభువు బదులుగా యుద్ధానికి రౌతుల్ని పంపాలి. ఆ ప్రభువు కింద స్వేచ్ఛలేని రైతు తన చీలిక దున్నుకోవాలంటే వారంలో కొన్ని రోజులు దొర సొంత సేద్యంలో చాకిరీ చేయాలి, కోతలప్పుడు ఇంకా ఎక్కువ. కూతురి పెళ్లికి దొరకు సొమ్ము కట్టాలి. ఇంటిపెద్ద చనిపోతే, కొట్టంలోని మేలైన పశువును తోలుకుపోయేవారు! మా నల్లగొండలో తాతయ్య చెప్పిన దొరల వెట్టి గుర్తొచ్చి కడుపు రగిలింది.

ఆ చాకిరీ ఎప్పుడో పోయింది. ఇరుగుపొరుగు రైతుల మధ్య కట్టుబాటు మాత్రం ఇక్కడ నిలిచింది, నాకు అదే గొప్పగా తోచింది. దున్నడానికి వీల్లేని పల్లాల్లో వదిలిన గడ్డి పట్టీల వెంట నడిచాం. వీటిని సైక్‌లంటారు. అందులోకి నాగలి జరిపితే జరిమానా. నవంబరు చివర్లో ఊరి జ్యూరీ, అంటే రైతుల్లోంచే ఎంపికైన బృందం, గోధుమ పొలం తిరిగి హద్దురాళ్ల బదులు కర్రగూటాలు పాతుతుంది, తప్పులు రాసుకుంటుంది. తర్వాత ఊళ్లోని డవ్‌కోట్ ఇన్ అనే పబ్‌లో ‘కోర్ట్ లీట్’ అనే పాతకాలపు ఊరి కోర్టు కూర్చుని తీర్పు చెబుతుంది.

1952లో థోర్స్‌బీ ఎస్టేట్ అనే దగ్గరలోని జమీందారీ ఈ భూమిని ప్రభుత్వానికి అమ్మింది, 1981లో రాజరికపు ఆస్తుల్ని చూసే క్రౌన్ ఎస్టేట్ కొన్నది, 2020లో మళ్లీ థోర్స్‌బీ చేతికే వచ్చింది. రైతులు ఇప్పటికీ కౌలుదారులే. వెళ్లదలచినవాళ్లు జ్యూరీ పొలాలు తిరిగే రోజుల్లో వెళ్లండి, నేనూ ఈసారి అప్పుడే వెళ్తాను.