డౌరో లోయలో రాతికట్ల మధ్య

పోర్చుగల్‌లోని పోర్టో నగరంలో, సావ్ బెంటు స్టేషన్‌లో రైలెక్కేవారు కుడివైపు కిటికీ పక్కన కూర్చోవడం మంచిది. గంటసేపు ఊళ్లూ పెరళ్లూ తప్ప ఏమీ కనిపించవు గానీ, ఆ తరువాత డౌరో నది పట్టాల పక్కకు వచ్చి చేరుతుంది, ఇక మనతోపాటే వస్తుంది. నేను దిగిన పిన్యావ్‌కు రైలు 1880లో వచ్చింది. స్టేషన్ గోడలకు 1937లో అతికించిన నీలిరంగు పింగాణీ పలకల మీద ద్రాక్ష కోతలు, తలమీద బుట్టలు మోసే మనుషులు, పీపాలతో సాగే పడవలు కనిపిస్తాయి.

పోర్ట్ అనే తియ్యని వైన్‌కు పుట్టిల్లయిన ఈ లోయలో మట్టి నామమాత్రం. పొరలుపొరలుగా చీలే షిస్ట్ రాయిని పగలగొట్టి, పెద్ద ముక్కలతో సున్నం లేకుండా గోడలు పేర్చి, కొండవాలును మెట్లుగా మలిచి, మిగిలిన పొడిలోనే ద్రాక్షతీగలు నాటారు. ఒక గోడ పక్కన ఆగి చూస్తే, రెండు రాళ్ల సందులోంచి బొటనవేలంత వేరు బయటికొచ్చి, మళ్లీ కిందిరాతి పగులులోకి దూరి ఉంది. నీటికోసం అది ఎంత లోతుకు వెళ్లిందో పైనుంచి చెప్పలేం.

1703లో కుదిరిన మెథ్యూన్ ఒప్పందం ప్రకారం ఇంగ్లండు పోర్చుగీసు వైన్ మీద ఫ్రెంచి వైన్ కంటే మూడోవంతు తక్కువ సుంకం వేసేది. గిరాకీ పెరిగిన కొద్దీ కల్తీ కూడా పెరిగి, ఎల్డర్‌బెర్రీ అనే ముదురురంగు పండ్ల రసంతో రంగు తెప్పించిన సరుకు చేరడంతో, శతాబ్దం మధ్యనాటికి ధరలు కుప్పకూలాయి. అప్పుడు, తరువాతికాలంలో పొంబాల్ మార్క్విస్‌గా ప్రసిద్ధుడైన మంత్రి 1756లో ఒక కంపెనీని స్థాపించి, మేలిరకం వైన్ పండే నేలకు సరిహద్దు గీయించి, గ్రానైటు రాళ్లు పాతించాడు. ఎల్డర్‌బెర్రీ చెట్లను పెకలించమని ఆజ్ఞాపించాడు. వైన్ నేలకు ప్రపంచంలో గీసిన మొదటి సరిహద్దు ఇదేనని ఇక్కడివారు గర్వంగా చెబుతారు గానీ, ఇటలీలోని కియాంతి వైన్ ప్రాంతానికి 1716లోనే హద్దులు నిర్ణయించారు. నా దృష్టిలో డౌరో ప్రత్యేకత ఆ హద్దుకు ధరల అదుపును, నాణ్యత తనిఖీని జోడించడమే. అయితే అది ఉత్త పుణ్యకార్యమేమీ కాదు: కంపెనీ గుత్తాధిపత్యం మీద 1757లో పోర్టో జనం తిరగబడితే, ప్రభుత్వం పలువురిని ఉరితీసింది.

నదిని ఇప్పుడు చూసి పాతకాలాన్ని ఊహించడం కష్టం, ఎందుకంటే ఆనకట్టలు దాన్ని చెరువులా నిలిపేశాయి. ఒకప్పుడు రబేలో అనే చదునడుగు పడవలు పీపాలతో సుడుల మీదుగా పోర్టో దాకా దిగేవి. తిరుగు ప్రయాణంలో ఏటికి ఎదురుగా కొన్నిచోట్ల ఎద్దులతో లాగించేవారు. ఈ నదికి సవివరమైన పటం గీసిన ఆంగ్ల వర్తకుడు జోసెఫ్ ఫారెస్టర్ 1861లో వలైరా సుడిలో పడవ తిరగబడి మునిగిపోయాడు. అదే పడవలో ఉన్న ద్రాక్షతోటల యజమానురాలు ఆంటోనియా ఫెరైరా బతికి బయటపడింది. ఆమె ఘేరాల గౌను నీటిమీద తేలడమే కాపాడిందని లోయలో కథగా చెప్పుకుంటారు.

అయితే నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి పచ్చని తోటలు కావు, పాడుబడ్డ మెట్లు. 1860ల దశకంలో అమెరికా నుంచి వచ్చిన ఫిల్లోక్సెరా పురుగు వేళ్లను పీల్చి, తోటలకు తోటల్ని ఎండగట్టింది. పురుగును తట్టుకునే అమెరికన్ మొదళ్ల మీద అంటుకట్టి మళ్లీ సాగు మొదలుపెట్టినా, చాలా మెట్లు తిరిగి పచ్చబడలేదు. వాటిని ఇక్కడ 'మొర్తోరియు' అంటారు. ఆ గోడల మీద ఇప్పుడు తుప్పలు, అక్కడక్కడా ఆలివ్ చెట్లు పెరుగుతున్నాయి. 2001లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ప్రాంతంలో ఇవీ భాగమే.

పోర్టోకు తిరిగివచ్చాక నది అవతలి ఒడ్డున ఉన్న విలా నోవా ది గయాకు వెళ్లాను. పులిసే రసంలో ద్రాక్షసారాయి కలిపి, తీపి మిగిలుండగానే పులియడం ఆపేసిన వైన్‌ను ఇక్కడి గిడ్డంగులలో ఏళ్ల తరబడి నిలవ చేస్తారు. ఎగుమతి ఇక్కడి నుంచే జరగాలన్న నిబంధన 1926 నుంచి 1986 దాకా అమలులో ఉంది. గయాలో గిడ్డంగి లేని చిన్న రైతు, తన పంటను పెద్ద కంపెనీకి అమ్ముకోక తప్పేది కాదు. గిడ్డంగుల కప్పుల మీద కనిపించే పేర్లలో చాలావాటికి ఇంగ్లీషు వాసన ఉండడం నాకు అప్పుడు వింతగా అనిపించలేదు.